బడి గేటు ముందు పాటించవలసిన మర్యాద

తెలుగు నగరాల్లో ఉదయం పిల్లలను దించే వేళ బడి గేటు ముందు ఏర్పడే రద్దీకి ఇరుకు వీధులు, పెరిగిన వాహనాలే కారణమని సాధారణంగా చెప్పుకుంటారు గానీ, ఉన్న కొద్దిపాటి చోటును తల్లిదండ్రులు ఎలా వాడుకుంటున్నారన్నది కూడా అంతే ముఖ్యమైన విషయం. రోడ్డు అంచున ఐదు కార్లు వరుసగా ఆగే వీలున్నా, ప్రతి ఒక్కరూ సరిగ్గా గేటుకు ఎదురుగానే ఆపాలని పట్టుబడితే, కారుకు అర నిమిషం చొప్పున ఇరవై కార్లకు పది నిమిషాలు పడుతుంది. అదే మొదట వచ్చిన కారు ఖాళీ ఉన్నంత మేరా ముందుకు వెళ్లి ఆగితే, ఐదు కార్లలోని పిల్లలూ ఒకేసారి దిగుతారు కనుక, మొత్తం పని రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. ముందుకు వెళ్లి ఆపినవారి బిడ్డ నడవవలసింది మరో ఇరవై అడుగులు మాత్రమే.

ఆ అర నిమిషాన్ని మాత్రం ఎవరూ తగ్గించలేరు. స్కూటీ మీద కాళ్ల దగ్గర పెట్టిన బ్యాగును తీసి బిడ్డ భుజాలకు తగిలించాలి, లంచ్ బ్యాగు, నీళ్ల సీసా చేతికివ్వాలి, ఊడిన బూటు లేసు కట్టాలి. జూన్‌లో బడులు తెరిచిన కొత్తలోనైతే ఏడుపు ముఖం పెట్టిన ఎల్‌కేజీ పిల్లను బుజ్జగించాలి కూడా. వెనుక నుంచి ఎంత హారన్ కొట్టినా ఇవేవీ త్వరగా కావు సరికదా, కంగారులో బ్యాగు జారిపడి మరింత ఆలస్యమవుతుంది. పైగా 2000 నాటి శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం విద్యాసంస్థల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా, అంటే హారన్ మోగించకూడని ప్రాంతంగా, ప్రకటించవచ్చు. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొట్టేవారికి మొదటిసారి 1,000 రూపాయలు, తర్వాత 2,000 రూపాయలు జరిమానా విధించేలా 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు.

వీటన్నిటికంటే ప్రమాదకరమైనది రాంగ్ రూట్. మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక, రోడ్డు దాటేటప్పుడు ముందుగా కుడివైపు చూడాలని పిల్లలకు నేర్పుతారు. యూటర్న్ దాకా వెళ్లే ఓపిక లేక ఎదురు దిశలో వచ్చే బైకు, ఆ బిడ్డ ఇంకా చూడని వైపు నుంచే వస్తుంది. డబుల్ పార్కింగ్, అంటే ఆగి ఉన్న వాహనం పక్కనే మరొకటి నిలపడం కూడా ఇలాంటిదే. రెండు కార్ల సందులోంచి బయటికొచ్చే చిన్నపిల్లలు వెనుక నుంచి వచ్చేవారికి చివరి క్షణం దాకా కనిపించరు.

మర్యాద తోటి తల్లిదండ్రులతోనే ఆగిపోకూడదు. ఎండలో నిలబడి వాహనాలను ముందుకు పంపే సెక్యూరిటీ గార్డును, పది మంది పిల్లలను దించవలసిన ఆటో డ్రైవరును "ఏయ్, నువ్వు" అంటూ ఏకవచనంతో గద్దించడం, అదీ పక్కనున్న బిడ్డ వింటుండగా, ఏ ఆలస్యమూ సమర్థించలేని తప్పు. ఇక రద్దీ విషయానికొస్తే, ఇటలీలోని బోల్జానో వంటి నగరాల్లో బడివేళల్లో పాఠశాల వీధులను వాహనాలకు మూసివేస్తున్నారు. మన దగ్గర అది వెంటనే సాధ్యం కాకపోయినా, చిన్న తరగతులకు, పెద్ద తరగతులకు వేర్వేరు వేళలు పెట్టడం యాజమాన్యాల చేతుల్లో ఉన్న పనే. తల్లిదండ్రులు ఇంటి నుంచి పది నిమిషాలు ముందు బయలుదేరాలి, గేటు దాటి ముందుకు వెళ్లి ఆపాలి, ముందువారి బిడ్డ లోపలికి వెళ్లేవరకు హారన్ జోలికి పోకూడదు.