రోజు తినేటోళ్లు ఏడ తింటే ఆడ్నే తినుర్రి

కొలువు పరీక్ష సెంటర్ ఎన్నడూ మన ఊర్లె పడదు. హైదరాబాద్‌లనో, హన్మకొండలనో, ఇంకోపారి కర్నూలులనో పడతది. ఇంట్ల ఇచ్చిన పైసలల్ల బస్సు కిరాయి పోంగ మిగిలేది ఎంత? ఆ మిగిలినయ్ తీస్కపోయి బస్టాండ్ ముంగట పెద్ద హోటల్ల బిర్యానీకి పెడితే తిరుగు కిరాయికి జేబు తడుముకోవాలె. పిరమని భయపడి బిస్కెట్ పుడతోని పొద్దు ఎళ్లదీస్తే పరీక్ష హాల్ల కండ్లు తిరుగుతయ్. ఈ రెండూ కాకుండ మూడో తొవ్వ ఉన్నది. ఆ ఊరోళ్లు రోజు తినేదే మనం తినుడు.

ఇందుల ఒక లెక్క ఉన్నది. బస్టాండ్ ముంగట, హైవే మీద ఉన్న హోటల్‌కు వచ్చేది మల్ల రాని గిరాకి. ఇయ్యాల తిన్నోడు రేపు ఏ ఊర్లె ఉంటడో తెల్వది. కూర పులిసినా, రేటు ఎక్కువ గుంజినా అడిగేటోడు ఉండడు. అందరూ గట్లనే ఉంటరని కాదు గని, భయం తక్కువ. అదే మార్కెట్ యార్డు పక్కన హమాలీలు తినే బండి చూడుర్రి. ఆడికి నిన్న వచ్చినోళ్లే ఇయ్యాల వస్తరు, రేపు గూడ వస్తరు. ఒక్కనాడు కడుపు ఖరాబైతే పది మంది గిరాకి పోతది. బండి మీద ఉండేది ఒకటి రెండు రకాలే. గిరాకి రాంగ రాంగ అయి వేడివేడిగనే అయిపోతయ్, రేపటికి మిగలయ్. ఏసీ లేదు, పెద్ద కిరాయి లేదు. అందుకే అగ్గువ, అందుకే తాజా.

ఏ ఊర్లె ఏ పొద్దుకు ఏది తినాల్నో గూడ తెల్వాలె. హైదరాబాద్‌ల పొద్దుగాల ఇరానీ చాయ్ తాగుర్రి. డికాషన్ ఒక దిక్కు మూతవెట్టి సన్నమంట మీద మరుగుతది, ఇంకో దిక్కు పాలు చిక్కగ కాగుతయ్. రెండూ కప్పులనే కలుపుతరు. దోస్తు ఉంటే వన్ బై టూ అడగుర్రి, ఆడ అది నామోషీ కాదు. మధ్యాన్నం బల్దియా 5 రూపాయల బువ్వ కౌంటర్లు ఉన్నయ్, 2014లనే మొదలువెట్టిన్రు. పొద్దూకినంక రోడ్ల పక్కన ఆడోళ్లు జొన్నరొట్టెలు చేస్తరు. రెండు రొట్టెలు, ఇంత కూర పడితే రాత్రి ఎళ్లిపోతది.

వరంగల్, కరీంనగర్ దిక్కు పోతే సర్వపిండి ఉంటది. బియ్యప్పిండిల నువ్వులు, పల్లీలు, నానవెట్టిన శెనగపప్పు, కారం కలిపి గిన్నెకు అద్ది, వేలుతోని తూట్లువెట్టి నూనె పోసి కాలుస్తరు. కొన్ని ఊర్లల్ల తపాల చెక్క అంటరు, ఇంకొన్ని ఊర్లల్ల గిన్నప్ప అంటరు. పేరు మారినా కడుపు నింపుడు మారది. ఎండిన రకం గనుక సంచిల ఏసుకున్నా తొందరగ పాడుగాదు.

కర్నూలు, అనంతపురం పోయినోళ్లు పొద్దుగాల ఇడ్లీ కోసం దేవులాడకుర్రి, ఉగ్గాని బజ్జీ అడగుర్రి. ఆళ్లు బొరుగులు అనేవి మన మరమరాలే. నీళ్లల్ల నానేసి, పిండి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తాలింపు ఏసి పుట్నాల పొడి సల్లుతరు. పక్కన మిరపకాయ బజ్జీ. ఆంధ్ర పట్నాలల్ల అన్న క్యాంటీన్లు గూడ ఉన్నయ్, పూటకు 5 రూపాయలే.

అగ్గువ తిండి తింటే రోగం వస్తదని చానమంది అంటరు. రోగం వచ్చేది అగ్గువకు కాదు, చల్లారినదానికి, పచ్చిదానికి. 2024 అక్టోబర్ల హైదరాబాద్‌ల మోమోలు తిని ఒక మహిళ చనిపోయింది, మస్తుమంది దవాఖాన్ల పడ్డరు. ఆ వెంటనే సర్కారు పచ్చిగుడ్డుతోని చేసే మయోనైజ్‌ను ఏడాది పాటు బంద్ వెట్టింది. వండినంక రెండు గంటలకంటే ఎక్కువసేపు బయట ఉంటే తిండిల క్రిములు పెరుగుతయ్. పొగలు కక్కేంత వేడి మీద ఉంటే పెరగయ్. ముఖ్యంగ అన్నం జర జాగ్రత్త. దాన్ల ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఉడకవెట్టినా పూర్తిగ చావది. మధ్యాన్నం వండి బయట ఉంచిన అన్నంతోని రాత్రి ఫ్రైడ్ రైస్ చేస్తే మల్ల వేడి చేసినా దాని విషం పోదు. అందుకే కండ్ల ముంగట పొయ్యి మీది నుంచి దిగింది తినుర్రి. కోసిపెట్టిన పండ్లు, నీళ్ల చట్నీ, ఏ నీళ్లతోని చేసిన్రో తెల్వని ఐస్ ముట్టకుర్రి. నీళ్ల సీసా ఇంటికాడికెళ్లే తెచ్చుకోండ్రి.

ఇంకో ముచ్చట కల్లు గురించి. మన ఊర్లె గీసేటాయన ఎవరో మనకు ఎరుకే, చెట్టు గూడ ఎరుకే. పట్నం కల్లు కంపౌండ్ల ఆ ఎరుక ఉండది. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషుల పానాలు పోయినయ్. కొత్త ఊర్లె చెట్టు చూడని కల్లు తాగకుర్రి.

ఆఖరికి అసలు అడ్డం వచ్చేది పైసలు గాదు, సిగ్గు. బండికాడ నిలవడి తింటే ఎవరన్న చూస్తరని చానమంది పోరగాండ్లు ఉపాసం ఉంటరు. ఇంట్ల తైదంబలి తాగుతమని చెప్పుకోనీకి గూడ ముడుసుకుంటరు. అదే అంబలిని ఎండకాలం పట్నంల కార్లు ఆపి కొనుక్కొని తాగుతున్నరు. హమాలీ తినే బువ్వ తక్కువది కాదు. పొద్దంత మూటలు మోసే మనిషిని నిలవెట్టే బువ్వ, మూడు గంటల పరీక్షకు మనల్ని నిలవెట్టదా?

ఈపారి హాల్ టికెట్ మీద కొత్త ఊరు పేరు కనవడితే, బస్సు దిగంగనే ఆటో అన్నను ‘మంచి హోటల్ ఏడుంది’ అని అడగకుర్రి. ‘అన్నా, నువ్వు రోజు ఏడ తింటవే’ అని అడగుర్రి. తినే ముందుగాల రేటు గూడ అడగుర్రి. అడిగితే ఎవ్వలూ తప్పువట్టరు.