మా బుజ్జికి తోడు కావాలా?

రాత్రి రెండింటికి హాల్లోంచి కుక్కపిల్ల మొరిగినట్టు వినిపిస్తే మొదట్లో పక్కింటివాళ్ళ కుక్క అనుకున్నాం. బేసింగ్‌స్టోక్‌లో కొత్తిళ్ళ గోడలు ఎంత మందమో మీకు తెలుసు కదా! తీరా చూస్తే మా బుజ్జి. అరచేతిలో ఇమిడిపోయే షుగర్ గ్లైడర్.

మా అమ్మాయి తొమ్మిదో పుట్టినరోజుకి తెచ్చాం. "ఒక్కదాన్నే పెంచండి, అప్పుడే మీకు మచ్చికవుతుంది" అన్నాడు అమ్మినతను. జువాలజీలో బీఎస్సీ చేసిన నేను ఒక్క పేజీ కూడా చదవకుండా నమ్మేశాను. మచ్చికైన మాట నిజమే. పగలంతా నా స్వెట్టర్ జేబులో నిద్ర. వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చూపించేదాన్ని.

మూడు నెలలకి తోక మొదట్లో బొచ్చు ఊడడం మొదలైంది. తనే పీక్కుంటోంది. ఇలాంటి జంతువుల్ని చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ చర్మం చూసి, తిండి సంగతి అడిగి, ఆఖర్న "ఇంకొకటి ఉందా?" అంది. లేదన్నాను. ఆవిడ తల ఊపిన తీరుకి నాకు సిగ్గేసింది.

అప్పుడు కూర్చుని చదివాను. చూడ్డానికి ఉడతలా ఉన్నా ఇది ఉడత కాదు, కంగారూలాగా పొట్టసంచిలో పిల్లని పెంచే జీవి. ఆస్ట్రేలియా, న్యూగినీ అడవుల్లో చెట్టు తొర్రలో ఆకులు పరుచుకుని గుంపుగా ఉంటుంది. చలికి ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయి. పెద్ద మగదాని నుదుటి మీద ఒక గ్రంథి ఉంటుంది. దాని వాసన మిగతా వాటికి పూస్తుంది. ఆ వాసనే 'మనవాళ్ళు' అన్న గుర్తు. నా జేబులో ఏ వాసన ఉంటుంది? పోపు వాసన!

మావారు ఒప్పుకోలేదు. "మనం ముగ్గురం ఉన్నాం కదా, ఇంకేం తోడు?" అన్నారు. మామూలుగా చూస్తే సబబైన ప్రశ్నే. కానీ అది లేచే వేళకి మనం పడుకుంటాం. మనం లేచేసరికి అది పడుకుంటుంది. జేబులో గడిపేది దాని నిద్రే కానీ దాని జీవితం కాదు. ఇక్కడికొచ్చిన మొదటి చలికాలం ఆయన వాటర్లూ ట్రైన్ ఎక్కి వెళ్ళిపోయాక, ఫెస్టివల్ ప్లేస్‌లో ఎక్కడైనా తెలుగు మాట వినపడుతుందేమోనని తిరిగేదాన్ని. అది మాత్రం ఆయనతో అనలేదు.

చట్టం మాత్రం చెప్పాను. ఇక్కడి 2006 జంతు సంక్షేమ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో, తిండి, వసతితో పాటు, జంతువుని తోటివాటితో ఉంచాలా, విడిగా ఉంచాలా అన్నది కూడా యజమాని చూసుకోవాల్సిన విషయమే. గ్లైడర్ల పేరు అందులో లేదనుకోండి. స్విట్జర్లాండ్‌లో అయితే గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని 2008 నుంచే రూలు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే, "అల్లుడుగారు ఉడతకి సంబంధం చూస్తున్నారా?" అని ఒకటే నవ్వు.

సంబంధం కన్నా కష్టమేనండీ! పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగదాన్ని, పండుని, తెచ్చాం. తెచ్చి ఒకే పంజరంలో వేసేస్తే కరుచుకుంటాయి. మొదట విడిగదుల్లో ఉంచి, వెట్ చూశాక పంజరాలు పక్కపక్కన పెట్టాం. ఇది పడుకున్న గుడ్డ దానికి, దానిది దీనికి మార్చేవాళ్ళం. తర్వాత రెండింటికీ కొత్తదైన చోట, మా బాత్రూంలో, పది నిమిషాలు కలిపాం. మొదటిరోజు ఒకటే అరుపులు. కొన్ని జతలు ఎప్పటికీ కలవవట, అప్పుడు రెండు పంజరాలే గతి. మా వాటికి ఐదు వారాలు పట్టింది. ఒక ఉదయం చూస్తే ఒకే సంచిలో రెండు తోకలు.

బొచ్చు వస్తోంది. రాత్రి అరుపులు తగ్గాయి. "బుజ్జి ఇదివరకులా నా దగ్గరికి రావట్లేదు" అని మా అమ్మాయి అలిగింది కూడా. కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేదొకటే, రెండింటి ఖర్చు, చలికాలం గది వెచ్చగా ఉంచే బిల్లుతో సహా, భరించలేకపోతే ఒకటి కూడా వద్దు.

ఇవి 10-12 ఏళ్ళు బతుకుతాయి. రెండూ ఒకేసారి పోవు కదా! మిగిలినదాని సంగతేంటని మావారు అప్పుడే అడిగారు. మూడోది తేనని మాట ఇమ్మన్నారు. నేను కాఫీ కలపడానికి లేచాను.