ఊరు విడిచినను వీడని పేరు: ‘కందుకూరి’ వారి కథ



మనము పుట్టకమునుపే మనకొఱకు కాచుకొనియుండు పేరొకటి కలదు. బారసాలనాడు బియ్యములో వ్రాయు పేరును పెద్దలు ఆలోచించి పెట్టుదురు. తాతగారి పేరో, ఇలవేల్పు పేరో, నక్షత్రమునకు తగిన పేరో ఏర్పఱచుదురు. ఇంటిపేరు విషయమున నట్టి యాలోచన లేదు. అది మన తాత ముత్తాతలనాటినుండి గడపలో నిలిచి యుండును. బిడ్డ పుట్టగానే వచ్చి ముందు నిలుచును. తెలుగువాడు తన పేరు చెప్పునపుడు ఇంటిపేరునే ముందు చెప్పి తన పేరు పిమ్మట చెప్పుట యందుకు తగియే యున్నది. ఇట్టి యింటిపేరు ఎట్లు పుట్టును, ఎట్లు ప్రయాణము చేయును, దాని వలన మనము తెలిసికొనదగిన దేమి యను సంగతిని, ఈ గోదావరీతీరమున నెల్లరు నెఱిగిన ‘కందుకూరి’ యను నొక్క పేరును చేతబట్టుకొని నేడు మనవి చేయుదును.

మొదట నా బడినాటి ముచ్చట యొకటి చెప్పవలెను. ఒక సంవత్సరము నా తరగతిలో ముగ్గురు సత్యనారాయణలు చేరిరి. అన్నవరపు స్వామి దయవలన మన జిల్లాలలో ఆ పేరునకు కఱవు లేదు గదా! హాజరుపట్టీలో గుర్తుకొఱకు ఒకని నిలువబెట్టి “నీ యింటిపేరేమి నాయనా?” యని యడిగితిని. “కె. అండి” యని వాడు బదులు చెప్పెను. తరగతి నవ్వెను గాని వాడు నవ్వలేదు. వానికి తెలిసిన దంతియే. “రేపు ఇంటివద్ద కనుగొని రమ్ము” అంటిని. మఱునాడు వాడు కాగితముపై నింటిపేరు వ్రాయించుకొని వచ్చి, “మా మామ్మగారు చెప్పినారండి. అది మా పూర్వుల ఊరిపేరట” అని సంతోషముగా చదివెను. ఒక్క యక్షరము వెనుక నొక ఊరు దాగియున్నదని ఆ పిల్లవానికి ఆనాడు తెలిసినది. వానికి పాఠము చెప్పవలసిన నాకును ఆలోచన మొదలైనది.

మన యింటిపేర్లలో కొన్ని వృత్తినిబట్టియు, విద్యనుబట్టియు వచ్చినవి. పురాణము చెప్పినవారు పురాణపండవారైరి. జాతకములు చూచినవారు జోస్యులవారైరి. భాగవతమును చేపట్టినవారు భాగవతులవారైరి. కాని యెక్కువ పేర్లు ఊళ్లనుండి పుట్టినవే. ఇందొక చమత్కారము కలదు. మనిషి తన ఊరిలో నున్నంతకాలము ఊరిపేరు వానికి గుర్తు కాజాలదు. కందుకూరులో నందఱును కందుకూరివారే గదా! ఆ ఊరు విడిచి మఱియొక ఊరు చేరిననాడే, అచ్చటివారు “ఈయన యెవరు?” అన్నపుడు “కందుకూరినుండి వచ్చినవారు” అను మాట పుట్టును. రెండు తరములు గడచునప్పటికి ‘నుండి వచ్చిన’ యనునది జాఱిపోయి ‘కందుకూరివారు’ నిలుచును. కాబట్టి ఊరిపేరు గల యింటిపేరు ప్రతిదియు నొక వలసకథయే. విడిచి వచ్చినవాడే ఆ ఊరి పేరును మోయుచున్నాడు.

ఇక వ్యాకరణము. ఊరిపేరు ‘కందుకూరు’, ఇంటిపేరు ‘కందుకూరి’. ఈ ‘ఇ’ యెక్కడినుండి వచ్చినది? చిన్నయసూరిగారి బాలవ్యాకరణము చదివినవారికి ‘ఇ, టి, తి’ యను ఔపవిభక్తికములు జ్ఞప్తికి వచ్చును. కాలు యొక్క గోరు కాలిగోరు. ఏఱు యొక్క నీరు ఏటినీరు. నూయి యొక్క గట్టు నూతిగట్టు. అట్లే ఊరు యొక్క వారు ఊరివారు. కందుకూరు కందుకూరి యైనట్లే టంగుటూరు టంగుటూరి యైనది. ‘పాడు’ తుదిగల ఊళ్లు ‘పాటి’ యగును. భమిడిపాటి యను పేరున మనము వినునది యీ ‘టి’ వర్ణమే. చిలకమర్తి యను పేరు చివర ‘తి’ వర్ణము పలుకుచున్నది. పిల్లలు భయపడు వ్యాకరణసూత్రము వారి పేర్లలోనే కూర్చుండియున్నదని చెప్పిన, ఆ భయము సగము తీరును.

ఈ ‘యొక్క’ యను అర్థము మనకే ప్రత్యేకము కాదు. రష్యా దేశమున మిక్కిలి వ్యాప్తిలోనున్న యింటిపేర్లలో ‘ఇవానోవ్’ ఒకటి. దాని కర్థము ‘ఇవాను యొక్క’ వాడని. అనగా పూర్వుడైన యొక ఇవాను సంతతివాడు. మనము ఊరికి చేర్చిన ప్రత్యయము వంటి దానిని వారు తండ్రి తాతల పేరునకు చేర్చిరి. వారిలోను ఊరి పేర్లు లేకపోలేదు. జగత్ప్రసిద్ధ నవలాకారుడైన దస్తయేవ్‌స్కీ వంశమునకు ఆ పేరు ‘దస్తయేవో’ యను గ్రామమునుండి వచ్చినది. మఱియొక విశేషము: అచ్చట స్త్రీకి ఇంటిపేరు చివర మాఱును. మగవాడు కరేనిన్, అతని భార్య కరేనినా. మన యింటిపేరున కట్టి లింగభేదము లేదు. మనయందు స్త్రీ పేరు చివర మాఱదు, పేరంతయు మాఱిపోవును. ఈ మాటకు మరల వత్తును.

కందుకూరు దక్షిణాంధ్రమున నొంగోలు, నెల్లూరు సీమల నడుమనున్న పట్టణము. దీనికి స్కందపురి యని పూర్వనామమని స్థలపురాణము. తెలుగు ఊరిపేర్లకు సంస్కృతపు వస్త్రము కప్పుట మా పండితులకు అలవాటు గనుక, ఆ కథను భక్తితో విని, ‘ఊరు’ అను అచ్చతెలుగు తుదిని మఱవకుండుట మేలు. ఈ పట్టణము చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడగా నందు చేరెను. 2022లో మరల నెల్లూరు జిల్లాలో కలుపబడెను. ప్రభుత్వపు హద్దు లెటు జరిగినను కందుకూరివారి పేరున నొక్క యక్షరమును చెదరలేదు.

ఈ పేరుగల ప్రసిద్ధులలో పూర్వుడు కందుకూరి రుద్రకవి. ఈయన పదునాఱవ శతాబ్దివాడు. నిరంకుశోపాఖ్యానమను ప్రబంధమును, సుగ్రీవవిజయమను యక్షగానమును రచించెను. మనకు లభించిన తెలుగు యక్షగానములలో సుగ్రీవవిజయము మిక్కిలి ప్రాచీనములైన వానిలో నొకటి. దానిని తన ఊరి జనార్దనస్వామికే అంకితము చేసెను. ఈయన కందుకూరులోనుండియే కందుకూరివాడు.

రెండవవారు ఊరు విడిచిన కందుకూరివారు. వీరేశలింగము పంతులుగారి పూర్వులు గుండ్లకమ్మను, కృష్ణను, గోదావరిని దాటి రాజమహేంద్రవరము చేరిరి. పంతులుగారు 1848 ఏప్రిలు 16వ తేదీని ఇచ్చటనే జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి సుబ్బారాయుడుగారు గతింపగా, తల్లి పున్నమ్మగారు, పెదతండ్రిగారు పెంచిరి. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల, ఆ యేటనే వివేకవర్ధని పత్రిక. పిమ్మట రాజశేఖరచరిత్రము, ఆంధ్రకవుల చరిత్రము. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము. ఈ కార్యములవలన దక్షిణాంధ్రపు ఊరిపేరు గోదావరి సొత్తైపోయినది. నేడు కందుకూరి యన్న తెలుగువాని మనస్సునకు ముందు తోచునది ఊరు కాదు, పంతులుగారు. వారికి సంతానము లేదు. 1906లో స్థాపించిన హితకారిణీ సమాజమునకు తమ యాస్తిని ధారవోసిరి. కొడుకులవలననే ఇంటిపేరు నిలుచునను మన పెద్దల నమ్మకమునకు ఇంతకంటె సమాధానము వేఱొకటి యేల?

మూడవవారి పేరు పట్టికలలో తఱచు విడిచిపోవుదురు. ఆమె కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు. ఆమెది ఈ పట్టణము ప్రక్కనున్న కాతేరు. పుట్టింటివారు పెట్టిన పేరు బాపమ్మ. 1861లో వివాహమై వచ్చిన యా పసిపిల్లకు మెట్టినింట రాజ్యలక్ష్మి యని పేరు పెట్టిరి. అనగా ఆమెకు ఇంటిపేరును మాఱినది, పేరును మాఱినది. ఆ రెండు క్రొత్తపేర్లను ఆమె ఎట్లు మోసినదో చూడుడు. వితంతువివాహములనాడు వంటవారు, నీళ్లు మోయువారు ఆ యింటికి రాకున్నప్పుడు ఆమె తానే గోదావరినుండి నీరు తెచ్చెను. తానే వండి వడ్డించెను. దిక్కులేని యాడుబిడ్డలకు తల్లియయ్యెను. 1910లో ఆమె పరమపదించెను. కందుకూరి యను పేరునకు నేడున్న గౌరవములో సగపాలు ఆ పేరుతో పుట్టని యామె సంపాదించినదే.

ఇంకను కోనసీమలోని రాజవరమున జన్మించిన కందుకూరి రామభద్రరావుగారు భావకవులలో పేరెన్నికగన్నవారు. అయితే ఈ కందుకూరివారందఱు నొక్క వంశమువారని తలపరాదు. రుద్రకవి విశ్వబ్రాహ్మణుడు, పంతులుగారు నియోగులు. గోత్రము వంశమును చెప్పును. ఇంటిపేరు, ఊరినుండి వచ్చినదైనచో, ఊరినే చెప్పును. వేఱ్వేఱు కులములవారు ఒక్క యింటిపేరు కలిగియుండుటలో వింతయేమియు లేదు. ఒకనాడు వారి పూర్వు లొక్క చెఱువునీరు త్రాగిరన్న మాట!

ఊరిపేరు మనిషికి వచ్చుట చూచితిమి. మనిషిపేరు నేలకు తిరిగి చేరుటయు కలదు. ఆ సీమలోనిదే టంగుటూరు. ఆ ఊరిపేరు గల ప్రకాశము పంతులుగారు రాజమహేంద్రవరమున చదివి, న్యాయవాదియై, పురపాలక సంఘాధ్యక్షులైరి. పిదప రాష్ట్రమునకే నాయకులైరి. 1972లో ఒంగోలు జిల్లాకు ప్రకాశము జిల్లా యని పేరు పెట్టిరి. ఊరు మనిషికిచ్చిన యప్పు ఈ విధముగా తీఱినది.

ఇక మొదట విడిచిన మాట. కందుకూరి, టంగుటూరి యని మనము లెక్కించునవన్నియు తండ్రివైపు పేర్లు. తల్లి తన పుట్టింటి పేరును పెండ్లిపీటలమీద విడిచి వచ్చును. వితంతువైన బాలిక చనిపోయిన మగని యింటిపేరుతోనే బ్రదుకు వెళ్లదీయవలసిన దినములలో, పంతులుగారు పునర్వివాహముతో ఆమెకు మఱియొక యిల్లు, మఱియొక పేరు చూపించిరి. అదియు మేలే. కాని ఆమె పుట్టిన యింటిపేరును ఎవరు వ్రాసి యుంచిరి?

పరులను తప్పుపట్టను, నా సంగతియే చెప్పుదును. ఆ సత్యనారాయణ కాగితము తెచ్చిన సాయంకాలము నేను ఇంటికి పోయి మా వంశావళి వ్రాయబూనితిని. తండ్రివైపు ఏడు తరముల పేర్లు గడగడ వ్రాసితిని. మా నాయనమ్మగారి పుట్టింటిపేరు వ్రాయవలసినచోట కలము నిలిచిపోయినది. నాకు అక్షరాభ్యాసమునాడు ఒడిలో కూర్చుండబెట్టుకొని పలకపై చేయిపట్టి దిద్దించిన దామెయే. ఆమె ఉన్నంతకాలము అడుగలేదు. అడుగదలచిననాటికి చెప్పగలవా రొక్కరును మిగులలేదు. శబ్దమంజరి, అమరము కంఠస్థము చేసిన నాకు ఆ యొక్క పేరు రాదు. నా వంశావళిలో ఆ చోటు నేటికిని ఖాళీగానే యున్నది.

కావున శ్రోతలకు నా విన్నపము. ఈ రాత్రి భోజనమువేళ మీ తల్లిగారిని, మామ్మగారిని, అమ్మమ్మగారిని “మీ పుట్టింటివారి పేరేమి? అది ఏ యూరిపేరు?” అని యడుగుడు. చెప్పినదానిని ‘కె.’ యనియో ‘టి.’ యనియో కుదింపక, నిండుగా తెలుగున వ్రాసి పదిలపఱచుడు. వారు చెప్పగలిగిన దినములలోనే అడుగుడు.