మీకు తెలుసా? వయ్యారిభామను మేసే పెంకుపురుగు

పొలం గట్ల మీద పెరిగి ఒంటికి దద్దుర్లు తెప్పించే వయ్యారిభామ అమెరికా ఖండాల మొక్క. దాని ఆకు తిని బతికే జైగోగ్రామా బైకొలొరేటా అనే పెంకుపురుగును మెక్సికో నుంచి తెప్పించి, 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో పెద్దవీ పిల్లలూ కలిసి మొక్కను మోడు చేస్తాయి. వానలు వెనకబడ్డాక పెద్దవి మట్టిలో దూరి నిద్రపోతాయి, చిక్కంతా అక్కడే. తడి ఉన్నచోట ఈ కలుపు ఎప్పుడూ పూస్తూనే ఉంటుంది, ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఒక్క పురుగునే నమ్ముకుంటే చాలదు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా గింజను తినే ముక్కుపురుగును కూడా రంగంలోకి దించాయి. మనకూ అలాంటి తోడు కావాలి. అయితే వయ్యారిభామ, పొద్దుతిరుగుడు ఒకే కుటుంబం మొక్కలు. 1990ల మొదట్లో పొద్దుతిరుగుడు మీద ఈ పెంకుపురుగు కనిపించి రైతులు కలవరపడ్డారు. కొత్త కీటకం పంట జోలికి పోదని ముందే గట్టిగా పరీక్షించి తీరాలి.