రోగిచరిత్ర యెవరి సొత్తు?

జమ్మలమడుగు ప్రాంతపు రైతునకు పెద్దజబ్బు చేసినచో నతనిది పలుమజిలీల ప్రయాణము. మొదట జమ్మలమడుగు, అచట కుదురనిచో ప్రొద్దుటూరు, ముదిరినచో కడప, తిరుపతి, రాయవేలూరు. పులివెందులవారి బాటయు నిట్టిదే. ప్రతిచోటను రక్తము మరల దీయుదురు. ఎక్సురే మరల దీయుదురు. వెనుకటి కాగితములలో సగము సంచిలో చినిగియుండును, సగము ఇంటనే మిగిలియుండును. పెన్సిలిన్ పడనివానికి దాని నెక్కించిన ప్రాణాపాయమని యెరుగని వైద్యుడు లేడు; స్మృతిదప్పి యెదుట పడియున్న రోగికి అది పడదని తెలియుటయే కష్టము. మధుమేహమునందు ఒకనాటి అంకె చాలదు. మూత్రపిండములు మెల్లగా చెడుచున్నవని తెలుపునది యేండ్ల తరబడి అంకెల వరుసయే.

కంప్యూటరు చిట్టా మనకు క్రొత్తది కాదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకమున చికిత్సకు అనుమతి కోరుచు వైద్యశాలలు రోగి వివరములను కంప్యూటరు ద్వారా పంపెడివి. కాని యా చిట్టా సొమ్ము చెల్లించువారి కొరకు. రోగి చేతి కందినది మరల కాగితమే.

కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరు 27న దేశమంతటికిని విస్తరింపజేసిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఈ వరుసను తిరుగవేయ జూచుచున్నది. కోరినవారికి 14 అంకెల ఆభా సంఖ్య నిత్తురు. మన రోగములన్నియు ఢిల్లీలో నొక గిడ్డంగిలో పోగుపడునని కొందరి భయము. ఏర్పాటు అట్టిది కాదు. వ్రాసినచోటనే చిట్టా యుండును. రోగి సమ్మతించిన పిమ్మటనే, అతడు పెట్టిన గడువువరకే, వేరొక వైద్యుడు చూడగలడు. ఎస్టోనియా యను చిన్నదేశమున 2008 నుండి జాతీయ ఆరోగ్య చిట్టా నడచుచున్నది; తన చిట్టాను తెరచిన దెవరో అచటి పౌరుడు తానే చూచుకొనును.

అయితే ఇందు చేరుట రోగికిని వైద్యశాలకును ఐచ్ఛికము. ప్రొద్దుటూరు ప్రైవేటు నర్సింగుహోములు చేరనిచో జమ్మలమడుగున మొదలైన గొలుసు అచటనే తెగును. వైద్యుల మొరయు వినదగినదే: వాకిట బారులుదీరిన రోగులుండగా మీటలు నొక్కుచు గూర్చున్న, నాడి చూచు టెప్పుడు? వ్రాతకు వేరొక మనిషి నియ్యక వారిని నిందించుట న్యాయము గాదు.

ఇంతకంటె సున్నితమైన దొకటి కలదు. సమ్మతి కోరు ఓటీపీ ఫోనునకు వచ్చును. పల్లెలో నా ఫోను తరచు కొడుకుది, లేక మగనిది. ముసలితల్లి వ్యాధి, కోడలి గర్భస్రావము ఎవరి యనుమతితో తెరువబడుచున్నవి? ఓటీపీ అడుగుటకు ముందు, ఏ కాగితము ఎవరికి, ఎన్నాళ్లు చూపబడునో రోగికే తెలుగున చదివి వినిపించుట వైద్యశాలలకు విధిగా జేయవలెను.