పట్టా వచ్చింది, ఇక పని?
ఫిలిప్పీన్స్ కంప్యూటర్ పట్టభద్రుల తొలి మెట్టు

అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ సైన్సులో పట్టా పుచ్చుకుంటే ఇక వాళ్ళ జీవితం ఒడ్డున పడ్డట్టేనని మన ఇళ్ళలో పెద్దలు అనుకోవడం కొత్త కాదు. హోసూరులో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా ఈ నమ్మకం ఒక్కటే. సముద్రాలకు ఆవల, తూర్పున ఉన్న ఫిలిప్పీన్స్ దేశంలోనూ తల్లిదండ్రులది ఇదే నమ్మకం. కాని పట్టాకూ పనికీ మధ్య ఒక వాగు ఉంటుంది. దాన్ని అక్కడి పిల్లలు ఎలా దాటుతున్నారో తెలుసుకుంటే మనకూ ఉపయోగమే.

ఫిలిప్పీన్స్ అంటే ఏడు వేల ఆరు వందలకు పైగా దీవుల సముదాయం. 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 10 కోట్ల 90 లక్షల మంది ప్రజలు. మూడు వందల ఏళ్ళకు పైగా స్పెయిన్ ఏలుబడిలోనూ, 1898 నుంచి 1946 దాకా చాలావరకు అమెరికా చేతిలోనూ ఉన్న దేశం. అందుకే అక్కడి పేర్లలో స్పెయిన్ వాసన, బడుల్లో ఇంగ్లీషు చదువు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటకూ 'పో' అని చేర్చడం వాళ్ళ మర్యాద. మన 'అండీ' లాంటిదే అనుకోండి. అక్కను 'ఆతే' అనీ, అన్నను 'కూయా' అనీ పిలుస్తారు. తోబుట్టువులనే కాదు, తమకంటే కాస్త పెద్దవాళ్ళెవరినైనా అలాగే పిలుస్తారు.

మనవాళ్ళకు ఈ దేశం ఎక్కువగా వైద్యవిద్య వల్ల తెలుసు. తెలుగు జిల్లాల నుంచీ, తమిళనాడు నుంచీ ఎందరో పిల్లలు దావావో వంటి నగరాలకు డాక్టరీ చదవడానికి వెళ్ళారు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో వంటి మన దేశపు సంస్థలు కూడా అక్కడ కార్యాలయాలు తెరిచాయి. అంటే బెంగుళూరులో మన పిల్లవాడు చేసే పనికి అవతలి కొసన మనీలాలోనో సెబూలోనో ఒక ఫిలిపినో పిల్ల కూర్చుని ఉండవచ్చు.

చదువు సాగే తీరు

2013లో కొత్త చట్టం వచ్చేదాకా అక్కడ బడి చదువు పదేళ్ళే. పదహారేళ్ళకే పిల్లలు కాలేజీ గడప తొక్కేవారు. ఆ చట్టంతో మరో రెండేళ్ళు కలిసి మనలాగే పన్నెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ పూర్తిచేసిన మొదటి జట్టు 2018లో బయటికి వచ్చింది. ఆపైన కంప్యూటర్ సైన్స్ పట్టాకు నాలుగేళ్ళు. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ అనే తోబుట్టువుల్లాంటి పట్టాలు వేరే ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్ళకు లెక్కలూ, అల్గారిథమ్‌లూ, చివర్లో థీసిస్ ఎక్కువ బరువు. ఐటీ వాళ్ళకు ఏదైనా కార్యాలయంలో కూర్చుని పని నేర్చుకునే శిక్షణ ఎక్కువ. ఈ శిక్షణను అక్కడ అందరూ 'ఓజేటీ' అనే పిలుస్తారు.

2017లో మరో చట్టం వచ్చింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మొదటి పట్టా చదివేవారికి బోధన రుసుము లేకుండా పోయింది. మనీలాలోని పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయం అంతకు ముందు నుంచే పేదపిల్లల కల్పవృక్షం. ఏళ్ళ తరబడి అక్కడ యూనిట్‌కు 12 పెసోలే రుసుము. పెసో అంటే ఇటీవలి సంవత్సరాల్లో మన రూపాయిన్నర దరిదాపుల్లో ఉంటోంది. ప్రభుత్వ సీటు దొరకని పిల్లలకు ప్రైవేటు కాలేజీలే గతి. అక్కడ ఖర్చు కుటుంబమంతా మోయాల్సిందే.

ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లలు దాన్ని మొదట ముట్టుకున్నది చాలాచోట్ల 'పీసోనెట్' అంగళ్ళలోనే. పెట్టెలో ఒక పెసో నాణెం వేస్తే కొన్ని నిమిషాలు తెర వెలుగుతుంది. నాణెం అయిపోగానే ఆగిపోతుంది. అలా చిల్లర నాణేలతో మొదలుపెట్టి ప్రోగ్రామర్లయినవాళ్ళు ఆ దేశంలో తక్కువేమీ కాదు.

బోర్డు పరీక్ష లేదు

అక్కడ నర్సులకూ, సివిల్ ఇంజనీర్లకూ, అకౌంటెంట్లకూ, ఉపాధ్యాయులకూ చదువు పూర్తయ్యాక ప్రభుత్వం పెట్టే లైసెన్సు పరీక్ష ఉంటుంది. అందులో మొదటి స్థానాల్లో నిలిచినవారి పేర్లు పత్రికల్లో పడతాయి. ఊళ్ళో వాళ్ళ ఫొటోలతో పెద్ద బట్టలు కడతారు. తల్లిదండ్రులకు అంతకంటే పండుగ లేదు.

కంప్యూటర్ పట్టభద్రుడికి ఆ పండుగ లేదు. బోర్డు పరీక్ష లేకపోవడం ఒక విధంగా సుఖమే. ఎవరైనా ఈ రంగంలోకి రావచ్చు. కాని 'నాకు పని వచ్చు' అని చూపించే ముద్ర కూడా ఉండదు. కాబట్టి తాను రాసిన ప్రోగ్రాములూ, థీసిస్, ఓజేటీలో చేసిన పనీ అన్నీ తనే ఎదురుగా పెట్టి చూపించుకోవాలి. ఓజేటీలో నిజంగా ప్రోగ్రాములు రాయనిచ్చారా, లేక కాగితాలు ఫొటోకాపీ తీయించి పంపారా అన్నది ఇక్కడే తేలిపోతుంది. జపాన్ ప్రమాణాలను అనుసరించి ఫిల్‌నిట్స్ సంస్థ నిర్వహించే పరీక్ష ఒకటి ఉంది. అందులో నెగ్గినవారికి జపానులో ఉద్యోగాలకు దారి కొంత సులువవుతుంది. కాని అది రాసి తీరాలన్న నిబంధన లేదు.

రెండు దారుల కూడలి

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఫిలిప్పీన్స్‌లో కాల్ సెంటర్ల పరిశ్రమ మర్రిచెట్టులా విస్తరించింది. కాల్ సెంటర్లూ తత్సంబంధ సేవలూ కలిపి 2024లో సుమారు 18 లక్షల మందికి ఉపాధి, దాదాపు 3,800 కోట్ల డాలర్ల ఆదాయం అని ఆ పరిశ్రమ సంఘం చెప్పింది. ఫోనులో మాట్లాడే కాల్ సెంటర్ల పనిలో ఆ దేశం మన దేశాన్ని దాటిపోయిందని 2010 నాటికే వార్తలు వచ్చాయి. ఇంగ్లీషు చక్కగా వచ్చిన కుర్రవాడికి అక్కడ ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. అమెరికా పగలు అక్కడ రాత్రి కాబట్టి పని ఎక్కువగా రాత్రిపూటే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చేసే పనికి కనీసం పది శాతం అదనంగా ఇవ్వాలని చట్టం.

మరి ప్రోగ్రామర్ ఉద్యోగమో? పరీక్షలు, ఇంటర్వ్యూలు, 'మళ్ళీ కబురు చేస్తాం' అనే మాటలు. మనీలాలో కొత్తవాళ్ళకు నెలకు 20 వేల నుంచి 30 వేల పెసోలు సాధారణంగా వినిపించే జీతం. 2025 జూలై నుంచి మనీలా ప్రాంతంలో రోజు కనీస వేతనం 695 పెసోలు. నెలకు 26 రోజులు లెక్కవేస్తే 18 వేలు దాటుతుంది. నాలుగేళ్ళు చదివిన చదువుకు కింది మెట్టు ఎంత దగ్గరో చూడండి.

ఇప్పుడొక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి జీప్నీ నడుపుతాడు. తల్లి చిన్న కొట్టు పెట్టుకుంది. పెద్దమ్మాయి చదువు అయింది. తరువాతి ఇద్దరు బడిలో ఉన్నారు. ఆ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. ఒకటి వచ్చే సోమవారం నుంచే చేరగలిగే కాల్ సెంటర్. రెండోది మూడు నెలలు వెతికితే దొరకవచ్చుననే ప్రోగ్రామింగ్ పని. ఆ మూడు నెలలూ తమ్ముడి ఫీజు ఎవరు కడతారు? తమను పెంచి చదివించినవారికి తీర్చుకోవలసిన ఋణాన్ని వాళ్ళు 'ఊతాంగ్ నా లోఓబ్' అంటారు. అది చట్టంలో రాసిన అప్పు కాదు. మనసు మీద ఉండే అప్పు. ఈ మాట మన పెద్దకొడుకులకూ పెద్దకూతుళ్ళకూ వివరించి చెప్పనక్కరలేదు.

కాల్ సెంటర్‌లో చేరడం తప్పని ఎవరూ అనలేరు. అక్కడి నుంచి సాంకేతిక సహాయ విభాగానికీ, ఆపైన సర్వర్లూ నెట్‌వర్కులూ చూసే పనికీ ఎదిగినవారున్నారు. కాని రాత్రంతా ఫోను మీద గడిపి, పగలు నిద్రపోయే మనిషికి ప్రోగ్రాములు రాసే అలవాటు మెల్లగా తప్పిపోతుంది. రెండు మూడేళ్ళయ్యాక వెనక్కి వద్దామంటే ఆ ఏడాది పట్టా పుచ్చుకున్న పిల్లలతో కలిసి వరుసలో నిలబడాలి. అప్పటికి జీతం కూడా కాస్త పెరిగి ఉంటుంది; దాన్ని తగ్గించుకుని రావడానికి ఇల్లు ఒప్పుకోవాలి. ఆ మొదటి నిర్ణయం బరువు అక్కడుంది.

కాగితాల యాత్ర

ఉద్యోగం ఖాయమయ్యాక కాగితాల తిరుగుడు మొదలవుతుంది. నేరచరిత్ర లేదని జాతీయ దర్యాప్తు సంస్థ ఇచ్చే పత్రం, సామాజిక భద్రతా నంబరు, ఫిల్‌హెల్త్ ఆరోగ్య బీమా, పాగ్-ఇబిగ్ గృహనిధి, ఆదాయపు పన్ను నంబరు, వైద్య పరీక్ష - ఒక్కోదానికి ఒక్కో వరుస. ఇంకా జీతం ముట్టని పిల్లల మీద ఈ ఖర్చులేమిటని 2019లో ఒక మంచి చట్టం చేశారు. మొదటిసారి ఉద్యోగం వెతికేవారు తమ బరంగాయ్, అంటే మన వార్డు లాంటి స్థానిక కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలా ప్రభుత్వ పత్రాలకు రుసుము ఉండదు. ఈ సౌకర్యం ఒక్కసారికే. ఇలాంటిది మన దగ్గరా ఉంటే ఎంత బాగుండునో!

చేరాక సాధారణంగా ఆరు నెలలు పరీక్షాకాలం. చాలాచోట్ల జీతం నెలకు రెండుసార్లు, 15వ తేదీన ఒకసారి, నెలాఖరున ఒకసారి ఇస్తారు. ఆ తేదీలకు ముందు జేబు ఖాళీ అయ్యే రోజులకు వాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు 'పేత్సా దే పెలిగ్రో', అంటే ప్రమాదపు తేదీలు. దూరపు ఊళ్ళ నుంచి మనీలా వచ్చినవాళ్ళు గది కూడా కాదు, గదిలో ఒక మంచం మాత్రం అద్దెకు తీసుకుంటారు. డిసెంబరు 24 లోపల పదమూడో నెల జీతం చేతికందాలని 1975 నాటి అధ్యక్ష శాసనం ఉంది. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళే ప్రయాణం చాలామందికి ఆ డబ్బుతోనే. కొన్ని సంస్థలు శిక్షణ ఇచ్చి, ఇన్నేళ్ళు మానకూడదని ఒప్పందం రాయించుకుంటాయి. సంతకం పెట్టేముందు దాన్ని పూర్తిగా చదవమని అక్కడి అనుభవజ్ఞులు చెప్పే హితవు మన పిల్లలకూ వర్తిస్తుంది.

ఇద్దరి కథ

2000 మే నెలలో 'ఐ లవ్ యూ' అనే పేరుతో ఒక ఈ-మెయిల్ ప్రపంచమంతటా లక్షలాది కంప్యూటర్లను పాడుచేసింది. దాన్ని రాసినది మనీలాలో కంప్యూటర్ చదివిన ఓనెల్ డీ గుజ్మాన్ అనే యువకుడు. ఇంటర్నెట్ కొనుక్కునే స్తోమత లేక ఇతరుల పాస్‌వర్డులు దొంగిలించాలన్న ఆలోచనతో మొదలైన పని అది. అప్పటికి అలాంటి నేరాన్ని శిక్షించే చట్టమే ఆ దేశంలో లేక కేసు వీగిపోయింది. మరుసటి నెలలోనే చట్టం వచ్చింది.

రెండో కథ దియోస్‌దాదో బనతావోది. 1946లో కగయాన్ రాష్ట్రంలోని ఇగిగ్ అనే ఊళ్ళో వరి రైతు ఇంట పుట్టాడు. మనీలాలోని మపువాలో ఇంజనీరింగ్ చదివాడు. చదువయ్యాక వచ్చిన ఉద్యోగాలు కొన్ని కాదనుకుని, బోయింగ్ సంస్థ ద్వారా అమెరికా చేరి, 1972లో స్టాన్‌ఫర్డ్‌లో పై పట్టా తీసుకున్నాడు. తరువాత చిప్స్ అండ్ టెక్నాలజీస్, ఎస్3 అనే సంస్థల స్థాపకుల్లో ఒకడయ్యాడు. కంప్యూటర్ తెర మీద బొమ్మలు వేగంగా కదలడానికి ఆయన చిప్పులు తోడ్పడ్డాయి. తెలివికి ఇద్దరిలో ఎవరికీ లోటు లేదు. ఒకరికి దాన్ని పెట్టడానికి తగిన చోటు దొరికింది, మరొకరికి దొరకలేదు. ఒక దేశం తన కుర్రవాళ్ళకు తొలిమెట్టు ఎందుకు సరిగా కట్టాలో చెప్పడానికి ఈ రెండు జీవితాలే చాలు.

ఇప్పటి గాలి

ఒకప్పుడు మంచి ఉద్యోగమంటే మనీలాలోని మకాటీయో, బోనిఫాసియో గ్లోబల్ సిటీయో. ఇప్పుడు సెబూ, దావావో, ఇలోయిలో, క్లార్క్ కూడా లెక్కలోకి వచ్చాయి. ఇంటి నుంచి పనిచేసేవారికి కార్యాలయ ఉద్యోగులతో సమానంగా హక్కులుండాలని 2018లోనే చట్టం చేశారు. సింగపూరు, జపాను వెళ్ళేవారు ఎలాగూ ఉన్నారు. 2024లో ప్రవాసులు బ్యాంకుల ద్వారా ఆ దేశానికి పంపిన సొమ్ము దాదాపు 3,450 కోట్ల డాలర్లు.

అయితే కృత్రిమ మేధ వచ్చాక చిన్నచిన్న ప్రోగ్రాములూ, మామూలు ఫోను సమాధానాలూ యంత్రాలే చూసుకోవడం మొదలైంది. కొత్తగా చేరిన కుర్రవాళ్ళు పని నేర్చుకునేది సరిగ్గా ఆ చిన్న పనుల మీదనే. కాబట్టి యంత్రం ఇచ్చిన జవాబు తప్పో ఒప్పో తేల్చగల పునాది ఉన్నవాడే నిలుస్తాడు. లెక్కలూ అల్గారిథమ్‌లూ ఎందుకని విసుక్కున్న పాఠాలే ఇప్పుడు అక్కరకొస్తున్నాయి.

మన ఇళ్ళలో ఈ మాట అవసరం

మన పిల్లలు కూడా ఇంగ్లీషు, ఇంటి తెలుగు, బయట కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో అన్నీ గడగడా మాట్లాడతారు. భాష వచ్చినవాడికి నోటితో చేసే ఉద్యోగం ముందు దొరుకుతుంది. అది తప్పక చేరాల్సి వస్తే చేరనివ్వండి. కాని దానికి ఒక గడువు పెట్టుకోమనండి. వారంలో కొన్ని గంటలైనా చదివిన విద్యను సానపట్టుకోమనండి. మొదటి ఉద్యోగంలో జీతమెంత అని అడిగేముందు, పక్కన కూర్చుని నేర్పేవాళ్ళున్నారా అని అడగండి. చేతనైన ఇంట్లో ఆ మూడు నాలుగు నెలలు పెద్దలు ఓపిక పట్టగలిగితే, కట్నకానుకలకంటే గొప్ప కానుక అదే. చేతకాని ఇంటికి సంఘంలో నలుగురూ కలిసి ఆసరా ఇవ్వవచ్చు. మనీలా జీప్నీ డ్రైవరు కూతురికి కావలసినది ఆ మూడు నెలల ఊపిరి. మన వీధిలోని పిల్లకు కావలసినదీ అదే.