ముద్ర నిలవాలంటే ముందు మెరుపు

చిలమత్తూరు మండలంలోని కొడికొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి దక్షిణానికి పోతే, బెంగళూరు నడిబొడ్డు చేరకముందే యలహంక వస్తుంది. 1996లో మొదలైన ఏరో ఇండియా ప్రదర్శనకు వేదిక అక్కడి వాయుసేన స్థావరమే. బెంగళూరులోనే హెచ్‌ఏఎల్ తయారుచేసే తేజస్ యుద్ధవిమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది, 2016 జులై 1న వాయుసేన 45వ స్క్వాడ్రన్‌లో చేరింది. దాని పొడవు 13.2 మీటర్లు. 72వ వంతు కొలతలో ప్లాస్టిక్ నమూనా చేస్తే 18 సెంటీమీటర్లు దాటి కొంచెం ఉంటుంది, అరచేతిలో పడుతుంది. నమూనాను అతికించి, బూడిదరంగు వేసి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాల వాయుసేన గుర్తు ఉన్న డెకాల్ ముద్ర అంటించేదాకా పని బాగానే సాగుతుంది. ఆరాక చూస్తే ఆ గుర్తు చుట్టూ వెండిరేకు అంచులా ఒక తెల్లని జాడ కనిపిస్తుంది. ఇక అది విమానం మీద వేసిన గుర్తులా ఉండదు, స్టిక్కరులా ఉంటుంది. చాలామంది డెకాల్ నాసిరకమనో, తమ చెయ్యి తిరగలేదనో అనుకుంటారు. చాలాసార్లు రెండూ కారణం కావు. డెకాల్ కింద ఉన్న గరుకు రంగే కారణం. అందుకే డెకాల్ వేయకముందు పూసే గ్లాసీ వార్నిష్‌ను అలంకారం లెక్కలో కాక పునాది లెక్కలో చూడాలి.

ఇది ఎందుకు నిజమో డెకాల్ నిర్మాణం చూస్తే తెలుస్తుంది. జిగురు పూసిన కాగితం మీద సన్నని పారదర్శక పొర ఉంటుంది, రంగులు ఆ పొరలోనే అచ్చయి ఉంటాయి. నీళ్ళలో ముంచితే జిగురు కరిగి, పొర కాగితం మీంచి జారి నమూనా మీదికి వస్తుంది. మ్యాట్ రంగుకు మెరుపు లేకపోవడానికి కారణం దాని ఉపరితలం నిండా కంటికి కనపడని ఎగుడుదిగుళ్ళు ఉండటమే. పడిన వెలుతురును అవి తలా ఒక దిక్కుకు చెదరగొడతాయి. డెకాల్ పొర ఆ మిట్టల మీదే ఆగిపోతుంది, పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. పొరకూ గాలికీ మధ్య ఉన్న ప్రతి హద్దు దగ్గర, నిటారుగా పడిన వెలుతురులో దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది. మనం చూసే వెండి జాడ ఇదే. ఎండిన కడప బండ మీద నీళ్ళు చల్లితే దాని రంగు ఒక్కసారిగా ముదురుతుంది కదా, అక్కడ నీళ్ళు గుంటలను నింపి చేసే పనే ఇక్కడ వార్నిష్ చేస్తుంది. పల్లాలు పూడి నున్నబడిన నేల మీద డెకాల్ గాలికి చోటివ్వకుండా పడుకుంటుంది. అంచు దాదాపు మాయమవుతుంది.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం న్యాయమైనదే. అసలు తేజస్ నిగనిగలాడదు. యుద్ధవిమానం ఎండలో తళుక్కుమంటే శత్రువు కంట పడుతుంది కాబట్టి దానికి మెరుపు లేని బూడిదరంగు వేస్తారు. అలాంటప్పుడు నమూనాకు మెరుపెందుకు? ఆ మెరుపు చివరిదాకా ఉండదు. రంగు, గ్లాసీ పూత, డెకాల్, దాన్ని కాపాడటానికి మళ్ళీ పలుచటి గ్లాసీ పూత, అన్నిటికన్నా పైన మ్యాట్ వార్నిష్ – ఇదీ వరుస. ఆఖరి పూతతో మెరుపు పోతుంది గాని, డెకాల్ కింది నునుపు పోదు. మైక్రో సెట్, మైక్రో సోల్ లాంటి ద్రవాలు ఉండగా ఈ పూత దండగ అనేవాళ్ళూ ఉన్నారు. మైక్రో సెట్ ఉపరితలాన్ని సిద్ధం చేస్తుంది, మైక్రో సోల్ డెకాల్ పొరను మెత్తబరిచి గీతల్లోకి, వంపుల్లోకి దించుతుంది. సన్నని డెకాల్ అయితే మ్యాట్ రంగు మీద కూడా వీటితో నిలబడవచ్చు. కాని పొర మందంగా ఉంటే, లేదా పారదర్శక భాగం వెడల్పుగా ఉంటే, మెత్తబడినంత మాత్రాన అది ప్రతి గుంటలోకీ దిగదు. ద్రవాలు మంచి సాయమే, వార్నిష్‌కు బదులు మాత్రం కావు.

నాకు అన్నిటికన్నా బలంగా తోచే అభ్యంతరం మందం గురించినది. 0.05 మిల్లీమీటర్ల పూత చేతికి కూడా తెలియదు. దాన్ని 72తో హెచ్చవేస్తే 3.6 మిల్లీమీటర్లు. అసలు విమానం మీద అంత మందాన వార్నిష్ పేరుకుంటే రేకుల మధ్య సందులన్నీ పూడిపోయినట్టే. కారు సంగతి వేరు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. నేటి కార్లకు రంగు మీద మెరిసే క్లియర్ పూత మామూలే, ఆ మందం కారుకు బాగుంటుంది. అరచేతిలో పట్టే విమానానికి అదే మందం బరువు. కాబట్టి ఒకే చిక్కటి పూత కాక, రెండు మూడు పలుచటి పూతలు వేసి, ఒక్కొక్కటీ ఆరనిచ్చి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడాలి. కిటికీ ప్రతిబింబం చెదరకుండా కనిపిస్తే చాలు, ఇంకొక పూత అక్కర్లేదు.

నమూనా పెట్టెల్లో వచ్చే సూచనపత్రాలు మన వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవు. చిలమత్తూరు, హిందూపురం, ధర్మవరం ప్రాంతం వానలు తక్కువగా పడే పొడి నేల. వేసవి మధ్యాహ్నం ఎయిర్‌బ్రష్‌తోనో స్ప్రే డబ్బాతోనో కొడితే వార్నిష్ తుంపర నమూనాను తాకకముందే గాలిలో సగం ఆరి, పొడిలా వాలుతుంది. నునుపు కోసం పూసిన పూతే గరుకవుతుంది, వెండి జాడ మళ్ళీ వస్తుంది. తెల్లవారుజామున, దుమ్ము లేవకముందు, కాస్త దగ్గరనుంచి కొట్టాలి. ఎయిర్‌బ్రష్ అయితే థిన్నర్ కొంచెం ఎక్కువ కలిపి, ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ చుక్కలు వేయాలి. వానరోజున ఇబ్బంది తిరగబడుతుంది: లక్కర్‌లోని ద్రావకం ఆవిరవుతూ పూతను చల్లబరిస్తే గాలిలోని తేమ దాని మీద చేరి, అది పాలలా తెల్లబారుతుంది. ఆ రోజు పని ఆపడమే మేలు. నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. ఇక్కడి బోరునీళ్ళలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళలో డెకాల్ నానబెడితే ఆరాక చుట్టూ తెల్లటి మరకలు మిగులుతాయి, తప్పు డెకాల్‌ది అనిపిస్తుంది. మెకానిక్ షాపులో దొరికే, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొంటే ఆ బాధ ఉండదు.

డెకాల్ అంటించాక తొందర చాలా చేటు. కనీసం ఒక రాత్రి ఆరనివ్వాలి. మిగిలిన జిగురును తడిబట్టతో ఒత్తకుండా తుడిచి, ఆ తర్వాతే పైపూత వేయాలి. లక్కర్ వార్నిష్‌లోని ఘాటైన ద్రావకం డెకాల్‌ను ముడతలు పడేలా చేయగలదు. అందుకని మొదటి విడత మంచులా పైపైన చల్లి, అది ఆరాకే తడి పూత వేయాలి. నీళ్ళలో కలిసే అక్రిలిక్ వార్నిష్‌తో ఈ భయం తక్కువ, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దానితో మొదలుపెట్టడం మంచిది. ముందుగా పాడైన ప్లాస్టిక్ ముక్క మీద సగం గ్లాసీ పూసి, సగం మ్యాట్‌గా వదిలి, అక్కర్లేని డెకాల్ ఒకటి రెండు సగాలమీదా పడేలా అంటించి ఆరాక చూడండి.